మూడు పొట్టి కూతలు

రైలు కూతలకి అర్థాలుంటాయని బయటివాళ్ళకి తెలీదు. బండి వస్తోంది, తప్పుకోండి అని అరుస్తోందనుకుంటారు, అంతే. నిజానికి అది డ్రైవరు మాట్లాడే భాష. ఒక పొడుగు కూత వేస్తే ఒక మాట, రెండు పొట్టి కూతలు వేస్తే ఇంకో మాట. రైలువాళ్ళ పిల్లలకి అక్షరాలకన్నా ముందు అవే వస్తాయి.

మా ఇల్లు గేటు పక్కనే. ఒక గది, ఒక వసారా, పది అడుగుల్లో పట్టాలు. గేటు దాటితే లైను పల్లంలోకి దిగుతుంది. రెండు మైళ్ళ దిగుడు, అడుగున వంతెన. అందుకని గూడ్సు డ్రైవర్లందరూ మా గేటు దగ్గర మూడు పొట్టి కూతలు వేస్తారు. ఆఖరి పెట్టెలో ఉన్న బ్రేకు మనిషికి అది హుకుం. చక్రం తిప్పి బ్రేకు బిగించాలి. పది లెక్కపెట్టేలోపు వెనకనుంచి కీచుమని చప్పుడు రావాలి. వస్తే బండి బుద్ధిగా దిగుతుంది. రాకపోతే ఏమవుతుందో నేను చూళ్ళేదు, చూడాలనీ లేదు.

మా తమ్ముడు ఆ ఆఖరి పెట్టెలో ఐదేళ్ళు పనిచేశాడు. స్టేషన్లో వాణ్ణి పేరుపెట్టి పిలిచినవాడు లేడు. అందరికీ వాడు ‘బ్రేకు’. నోటికి లేని బ్రేకు పేరుకైనా ఉండనీ అని స్టేషన్ మాస్టారు పెట్టారట. వాడి డ్యూటీ ఉన్నరోజు అమ్మ చేతిలో పని వదిలేసి వసారాలోకి వచ్చి నిలబడేది. మూడు కూతలు, ఆ వెంటనే కీచు. “వేశాడు,” అనేది. అని మళ్ళీ పనిలోకి పోయేది. వేరేవాడి డ్యూటీ అయితే ఆ మాట అనేది కాదు. నీకెలా తెలుస్తుందే అని అడిగితే, “మనవాడు తొందరగా వేస్తాడు,” అనేది. నిజమే. మిగతావాళ్ళు ఆరో ఏడో లెక్కకి వేసేవాళ్ళు. వాడు రెండుకే వేసేవాడు.

ఎందుకంత తొందరో నాకు తెలుసు. నాకే తెలుసు.

వాడికన్నా నేను తొమ్మిదేళ్ళు పెద్ద. నాన్నకి గేటు పని, అమ్మకి ఇంటి పని, వాడు నాకు పని. నడక వచ్చింది మొదలు వాడికి ఒకచోట కాలు నిలిచేది కాదు. పక్కనే పట్టాలు. ఇటు చూసి అటు తిరిగేలోపు పట్టాల మధ్య కూచుని రాళ్ళు ఏరుతుండేవాడు. నడుముకి తాడు కట్టి ఉంచుదామన్నాడు నాన్న. వాడేమన్నా మేకా అని పోట్లాడాను. పోట్లాడినందుకు ఏదో ఒక దారి నేనే చూడాలి కదా. పాత తోపుడుబండి చక్రం ఒకటి తెచ్చి మంచం కోడుకి మేకు కొట్టి తిరిగేలా బిగించాను. అది వాడి బ్రేకు. నేను రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని మూడు పొట్టి ఈలలు వేస్తే వాడు ఎక్కడున్నా, ఏం చేస్తున్నా పరుగెత్తుకొచ్చి చక్రం తిప్పాలి. పదిలోపు తిప్పితే బండి ఆగినట్టు. ఆలస్యమయితే నెత్తిన మొట్టికాయ. ఎందుకు అని అడగొద్దు, ఎవరు వేశారని చూడొద్దు, ముందు పరుగెత్తు. అదీ ఆట. వాడికప్పుడు నాలుగేళ్ళు. ఆరు నెలలు తిరిగేసరికి తింటున్న కంచం వదిలేసి పరుగెత్తేవాడు. నిద్రలో లేచి, కళ్ళు తెరవకుండానే చక్రం తిప్పేవాడు. వాణ్ణి చూసి ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళం. నేను మరీ పొంగిపోయేదాన్ని, ఏదో ఘనకార్యం చేసినట్టు.

యుద్ధం మొదలైన రెండో ఏడు సైన్యానికి రైలు పని తెలిసినవాళ్ళు కావాలన్నారు. తెగిన లైన్లు అతకాలి, విరిగిన వంతెనలు నిలబెట్టాలి. మా స్టేషన్ నుంచి వెళ్ళినవాళ్ళలో వాడొకడు. అప్పటికి నాన్న పోయాడు. మగవాళ్ళు దొరకని రోజులు కాబట్టి గేటు పని నాకే ఇచ్చారు. బండెక్కేముందు వాడు నా దగ్గరికొచ్చి, “అక్కా, నేనొచ్చేదాకా ఈల వెయ్యకు. అక్కణ్ణుంచి పరుగెత్తుకు రావాలి నేను. చాలా దూరం,” అన్నాడు. నెత్తిన ఒకటి మొట్టాను. పెద్ద టోపీ పెట్టుకున్నాడు, తగల్లేదు.

ఎనిమిది నెలలకి టెలిగ్రాం వచ్చింది. ఆ రోజుల గురించి రాయను.

యుద్ధం అయిపోయింది. మా లైనులో పనిచేసి, సైన్యంలో చనిపోయినవాళ్ళ పేర్లు స్టేషన్ గోడమీద ఒక చెక్కపలక మీద రాయిస్తామన్నారు. అమ్మకి చదువు రాదు. అయినా ఆ పలక గురించి రోజూ అడిగేది. ఎంత పెద్దదట, ఏ గోడకట, వానకి తడవదు కదా. వాడి ఒళ్ళు మా కంటపడలేదు, పూడ్చిన చోటు ఎక్కడో తెలీదు. ఇంక అమ్మకి మిగిలింది ఆ పలక మీద రెండు మాటలే.

ఒకరోజు మాస్టారు నన్ను ఆఫీసులోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు. ఆయన అలా తలుపు వేశారంటే మంచి కబురు కాదు.

“చూడమ్మా, జాబితాలో తమ్ముడి పేరు లేదు,” అన్నారు. “సైన్యంవాళ్ళ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. ‘అపాయ సంకేతం ఇచ్చిన తరవాత, ఆజ్ఞకి విరుద్ధంగా కందకం వదిలి పరుగెత్తి మరణించాడు.’ విధిలో పోయినవాళ్ళ పేర్లే రాయాలని పైనుంచి కాగితం వచ్చింది.”

“అంటే మావాడు పారిపోయాడనా?”

“నేననడం లేదమ్మా. కాగితం అంటోంది.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “కాగితానికి నోరుందా మాస్టారూ? దాన్ని రాసినవాడికుంది, చదివినవాడికుంది,” అన్నాను. పాపం ఆయన ఏం చేస్తాడు. పన్నెండో తారీఖున రైల్వే ఇన్‌స్పెక్టరుగారు వస్తారనీ, ఏమైనా చెప్పుకోవాలంటే ఆయనకే చెప్పుకోవాలనీ అన్నారు. ఆ తరవాత పేర్లు రాసే మనిషి రంగు డబ్బా తెరుస్తాడు. ఇంక మార్చరు.

ఆఫీసు తలుపు వేసినా మాట ఆగుతుందా? మర్నాటికల్లా నీళ్ళ పంపు దగ్గర అమ్మ చెవిన పడింది. సగం నిండిన బిందెతో ఇంటికొచ్చింది. బిందె దించి, “పారిపోయేవాడా వాడు?” అంది. నన్నడిగినట్టు లేదు, బిందెనడిగినట్టుంది. ఆ రోజునుంచి పంపు దగ్గరికి వెళ్ళడం మానేసింది. నేనే తెస్తున్నాను.

ఆ వారంలోనే వాడితోపాటు సైన్యంలో ఉన్న మనిషి ఒకడు వెతుక్కుంటూ గేటు దగ్గరికొచ్చాడు. వంట చేసేవాడట. “నన్ను గరిటె అంటారక్కా, మీరూ అలాగే అనండి,” అన్నాడు. మావాడి సామాను తెచ్చాడు. గడ్డం గీసుకునే కత్తి, ఒక తువ్వాలు, నేను రాసిన ఉత్తరాలు. అమ్మ లోపల ఉంది. నేను గేటు దింపే చక్రం దగ్గర నిలబెట్టి అడిగాను, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పమని.

“పగలు పదకొండు గంటలక్కా. లైను పక్కన కందకం. ఇరవై గజాల్లో గూడ్సు పెట్టెలు నాలుగు నిలిపి ఉన్నాయి. విమానాలొచ్చాయి. మా ఆఫీసరు ఈల వేశాడు. అందరం కందకంలో పడ్డాం. మీవాడు నా పక్కనే పడ్డాడు. మోకాలు నా వీపులో గుచ్చుకుంది కూడా. తలదించుకోమని ఆఫీసరు మళ్ళీ వేశాడు. అంతే, వీడు లేచాడు. కాలు పట్టుకున్నానక్కా, జారిపోయింది. పరుగెత్తుకెళ్ళి ఆ ఆఖరి పెట్టె మెట్టెక్కాడు. బాంబు పడ్డాక వెళ్ళి చూస్తే…” అని ఆగాడు. “బ్రేకు వేసి ఉందక్కా. ఇద్దరం కలిసి లాగినా రాలేదు. అంత గట్టిగా వేశాడు.”

“రెండోసారి ఎన్ని ఈలలు వేశాడు ఆఫీసరు?”

“మూడు.”

“పొట్టివా, పొడుగువా?”

“పొట్టివే. మాకక్కడ మూడు పొట్టి ఈలలంటే తలదించుకుని కదలకుండా పడుకోమని.”

నేను గేటు చక్రం గట్టిగా పట్టుకున్నాను. గరిటెకి ఏమీ అర్థంకాలేదు, మంచినీళ్ళు తెమ్మంటారా అక్కా అని అడుగుతున్నాడు.

ఆ రోజునుంచి నాకు కూచుంటే లేవాలని, లేస్తే నడవాలని. గేటు గొలుసులకి రోజుకి రెండుసార్లు నూనె రాశాను. తుడిచిన దీపాన్నే మళ్ళీ తుడిచాను. రోజూ నాలుగు గూడ్సులు, నాలుగుసార్లు మూడేసి కూతలు, వాణ్ణి చంపిన ఈలే నా నెత్తిమీద మోగుతుంటే పచ్చజెండా పట్టుకుని నిలబడాలి. తెలిసిన డ్రైవరొకణ్ణి బతిమాలాను, మా గేటు దగ్గర ఆ కూత వెయ్యకుండా దాటిపోకూడదా అని. నా వైపు జాలిగా చూసి, “దిగుడు నా మాట వింటుందా అమ్మా?” అన్నాడు.

“కాలుకాలిన పిల్లిలా ఏమిటే ఆ తిరుగుడు?” అంది అమ్మ. “కూచో.”

కూచోలేదు. గరిటె చెప్పినదాంట్లో ఈలల మాట అమ్మకి చెప్పలేదు. తేలుకుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. వాడి పేరు పలక మీదికి రావాలంటే ఆ ఈలల మాట చెప్పాలి. చెబితే వాటిని వాడికి ఎవరు నేర్పారో అమ్మకి గుర్తురాకుండా ఉండదు. కడుపు చించుకుంటే కాళ్ళమీదే పడుతుంది. రెండూ తప్పించుకునే దారి ఏదన్నా ఉందా అని వెతికాను.

దారి మాస్టారే చూపించారు. మంచి మనసుతోనే. “బండి కదిలిందని చెప్పమ్మా. పెట్టెలు పల్లంలోకి జారుతుంటే ఆపడానికి పరుగెత్తాడని చెప్పు. ఆ గరిటె సంతకం పెడతాడు. పేరు రావడమేమిటి, అందరికన్నా పైన వస్తుంది,” అన్నారు. గరిటె అప్పటికప్పుడే పెడతానన్నాడు. నాకూ అది బాగుందనిపించింది. వాడు వీరుడవుతాడు, అమ్మ మళ్ళీ పంపు దగ్గరికి వెళ్తుంది, నా ఆట సంగతి ఎవరికీ తెలీదు. ఇంతకన్నా ఏం కావాలి?

పన్నెండో తారీఖున అమ్మ కూడా బయల్దేరింది. వద్దన్నాను. “నా కొడుకు గురించి మాట్లాడుతుంటే నేను పొయ్యి దగ్గర ఉండాలా?” అంది. చీర మార్చుకుని, నాకన్నా ముందే నడిచింది.

ఇన్‌స్పెక్టరుగారికి జలుబు. చేతిరుమాలు ఒక చేత్తో, కాగితాలు ఒక చేత్తో. చెడ్డమనిషిలా లేడు. పలక మీద తప్పు పేరు పడితే తన మెడకి చుట్టుకుంటుందన్న భయమే తప్ప ఆయనకి మా మీద ఏ కోపమూ లేదు. అమ్మని బెంచీ మీద కూచోమన్నాడు. నేను నిలబడే చెప్పాను, పెట్టెలు కదిలాయనీ, జారుతున్నాయనీ, వాడు వాటిని ఆపాడనీ. బాగానే చెప్పాననుకున్నాను. గరిటె సంతకం పెట్టిన కాగితం బల్లమీద పెట్టాను.

ఆయన ముక్కు తుడుచుకుని సైన్యంవాళ్ళ ఉత్తరం రెండో పేజీ తిప్పాడు. “పెట్టెలు నాలుగూ చక్రాల కింద చెక్కదిమ్మలు పెట్టి నిలిపినవి. బాంబు పడ్డాక కూడా దిమ్మలు పెట్టినచోటే ఉన్నాయి,” అని చదివాడు. “దిమ్మలున్న పెట్టెలు ఎలా కదిలాయమ్మా?”

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది అతకలేదు. గరిటె తలదించుకున్నాడు. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఇన్‌స్పెక్టరు ఉత్తరం మడిచి కవర్లో పెట్టబోతున్నాడు. అది లోపలికి వెళ్తే ఇంక వాడు ఎప్పటికీ పారిపోయినవాడే.

“ఆగండి సార్. అబద్ధం చెప్పాను. పెట్టెలు కదల్లేదు. వాడు దేన్నీ ఆపలేదు, ఎవరినీ కాపాడలేదు. ఆఫీసరు మూడు పొట్టి ఈలలు వేశాడు. సైన్యంలో దానికి ఏ అర్థమైనా ఉండొచ్చు. మాకు ఒకటే అర్థం.”

“తెలుసమ్మా. నేనూ రైలు మనిషినే. కానీ బాంబులు పడుతుంటే, కందకంలో పడుకున్న మనిషి…”

ఆయన మాట పూర్తికానివ్వలేదు. కిటికీ తెరిచి ఉంది. అవతల యార్డులో ఇంజను ఆరు పెట్టెల్ని మెల్లగా వెనక్కి తోస్తోంది. ఆఖరి పెట్టె మెట్టు మీద బ్రేకు మనిషి పక్కవాడితో ఏదో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని మూడు వేశాను.

తమ్ముడు వెళ్ళాక నేను ఈల వెయ్యడం అదే మొదలు. వేసి, పిచ్చిదాన్ని, తలుపు వైపు చూశాను.

యార్డులో కీచుమంది. ఆరు పెట్టెలు ఒకదానికొకటి గుద్దుకుని ఆగాయి. ఇంజను డ్రైవరు తల బయటికి పెట్టి బూతులు మొదలుపెట్టాడు. “ఎవడ్రా ఈల వేసింది?” అని యార్డు మేస్త్రి అరుస్తున్నాడు. ఇన్‌స్పెక్టరు ఆ బ్రేకు మనిషిని కిటికీ దగ్గరికి పిలిచాడు.

“ఈల ఎవరు వేశారో చూశావా?”

“లేదు సార్.”

“మరి బ్రేకెందుకు వేశావు?”

“మూడు వినబడ్డాయి సార్.”

“ఎవరో ఏమిటో చూసుకుని వెయ్యకూడదా?”

ఆ మనిషి ఇదేం ప్రశ్న అన్నట్టు మాస్టారు వైపు చూశాడు. “చూసుకునేదాకా ఆగితే ఇంక అది బ్రేకెందుకవుతుంది సార్?”

ఇన్‌స్పెక్టరు అతన్ని పంపేసి కుర్చీలో కూచున్నాడు. గెలిచాననుకున్నాను. మాస్టారు కూడా మీసం కింద నవ్వుకున్నారు. అప్పుడు ఇన్‌స్పెక్టరు రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, మెల్లగానే అడిగాడు.

“ఇతను రోజూ యార్డులో ఉన్నవాడు కాబట్టి వేశాడు. ఒప్పుకుంటున్నాను. ఆ రోజు కందకంలో ఇంకా ఇరవైమంది రైలువాళ్ళున్నారమ్మా. సగంమంది బ్రేకు మనుషులే. మూడు నెలలు అందరికీ కొత్త అర్థం నేర్పారు. అందరూ అదే ఈల విన్నారు. ఒక్కరూ లేవలేదు. మీ తమ్ముడొక్కడే ఎందుకు లేచాడు?”

ఆ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని నాకు తెలుసు. దానికోసమే కదా పదిరోజులుగా కూచోలేకపోయింది. అమ్మ వైపు చూడలేదు. బల్లమీద సిరా మరక ఒకటి ఉంది, దాన్ని చూస్తూ చెప్పాను.

“వాళ్ళు ఇరవై ఏళ్ళు దాటాక ఉద్యోగంలో నేర్చుకున్నారు సార్. మూడు నెలల్లో మరిచిపోగలరు. మావాడికి నాలుగో ఏట నేను నేర్పాను. మంచం కోడుకి చక్రం కట్టి, నెత్తిన మొట్టి నేర్పాను. అడగొద్దు, చూడొద్దు, ముందు పరుగెత్తమన్నాను. నిద్రలో కూడా లేచేవాడు సార్. అది వాడి తప్పు కాదు. వాడు ఆజ్ఞ కాదనలేదు. నా మాట విన్నాడు.”

ఇన్‌స్పెక్టరు అమ్మ వైపు తిరిగాడు. “నిజమేనా అమ్మా?”

“అవును బాబూ,” అంది అమ్మ. “ఇదే నేర్పింది.”

ఆయన చాలాసేపు రాశాడు. ఏం రాశాడో నాకు చూపించలేదు. పైవాళ్ళతో మాట్లాడతానన్నాడు, తొమ్మిది రోజుల్లో తెలుస్తుందన్నాడు. వచ్చేటప్పుడు అమ్మ మళ్ళీ నాకన్నా ముందు నడిచింది. దారిపొడుగునా ఒక్క మాట లేదు.

ఆ తొమ్మిది రోజులూ అంతే. వండేది, పెట్టేది, పడుకునేది. తిట్టినా బాగుండు, ఏడ్చినా బాగుండు, కొడుకుని పొట్టన పెట్టుకున్నావే అని అన్నా బాగుండు. అనదే! అన్నం పెట్టి నా ఎదురుగా కూచునేది, నేను తినకపోతే కంచం వైపు చూసేది. గూడ్సు కూత వినబడితే లోపలికి వెళ్ళిపోయేది. ఇంట్లో ఉండలేక నేను గేటు కమ్మీలకి రంగు వేశాను. ఎవరూ వెయ్యమనలేదు. ఆరకముందే ముట్టుకుని చెడగొట్టి, మళ్ళీ వేశాను. ఎనిమిదో రోజున మరి ఉండబట్టలేక, “ఏమన్నా అనవే అమ్మా,” అని అరిచాను. “గేటు వెయ్యి, బండి వస్తోంది,” అంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మాస్టారు కబురు పెట్టారు. ఇద్దరం వెళ్ళాం. పలక గోడకి బిగించేశారు. తెల్లరంగుతో వరసగా పేర్లు. తొమ్మిది పేర్లు సమంగా, విడివిడిగా ఉన్నాయి. అడుగున, చట్రానికి ఆనుకుని, ఇరుగ్గా పదో పేరు. రంగు ఇంకా ఆరలేదు.

“ఏదే వాడిది?” అంది అమ్మ.

“ఆఖరిదమ్మా. ఆలస్యంగా ఒప్పుకున్నారు కదా, చోటు లేక అడుగున ఇరికించారు.” నాకు మళ్ళీ కోపం వస్తోంది. “పైన రాయొచ్చు. వరస మార్చి రాయొచ్చు. మాస్టారితో చెబుతాను.”

“నోర్ముయ్,” అంది అమ్మ. “వాడెప్పుడూ ఆఖరి పెట్టెలోనేగా ఉండేది.”

వేలితో ఆ పేరు కింద చట్రాన్ని ఇటునుంచి అటు తడిమింది. రంగు అంటకుండా. తరవాత నా వైపు తిరిగి, “వంగు,” అంది.

వంగాను. అమ్మ నా భుజం దాకా కూడా రాదు. ప్లాట్‌ఫారం మీద అంతమంది చూస్తుండగా, ముప్పై ఆరేళ్ళదాన్ని, నా నెత్తిన ఖంగుమని ఒకటి మొట్టింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నొప్పికే అనుకున్నాను.

“ఈల నేర్పినందుకా అమ్మా?”

“కాదే. అబద్ధం చెప్పినందుకు. పెట్టెలు కదిలాయట, జారాయట! ఆగి ఉన్న బండికి కూడా బ్రేకు వేసే రకం వాడని నాకు తెలీదా? వాణ్ణి ఇంకెవరినో చేద్దామనుకున్నావా?” అంటూనే నా చెయ్యి పట్టుకుంది. “వాడి ఆరో ఏట మెయిలు బండి వస్తుంటే వాడు పట్టాల మధ్య కూచున్నాడు. నీకు గుర్తుందో లేదో. నాన్న జెండా వదిలేసి అరుస్తున్నాడు. నువ్వు ఈల వేశావు. వాడు తల కూడా ఎత్తలేదు, లేచి ఇంట్లోకి పరుగెత్తాడు. మెయిలు వెళ్ళిపోయాక చూస్తే మంచం దగ్గర చక్రం తిప్పుతున్నాడు. నువ్వు నేర్పకపోతే అప్పుడే పోయేవాడు. ఆ పైన బతికిన ఇరవై ఏళ్ళూ ఆ ఈల ఇచ్చినవే. తొమ్మిది రోజులనుంచీ లెక్కేసుకుంటున్నాను. ఎటునుంచి వేసినా అంతే వస్తోంది.”

నాకు ఆ మెయిలు గుర్తులేదు. ఎన్నిసార్లు వేశానో, ఎన్నిసార్లు వాడు పరుగెత్తాడో, నాకు అన్నీ ఒక్కటే. అక్కడే, ఆ గోడ దగ్గరే, పెద్దగా ఏడ్చాను. టెలిగ్రాం వచ్చిన రోజు కూడా అలా ఏడవలేదు. అమ్మ చెయ్యి వదలకుండా ఇంటిదాకా నడిపించింది.

మేం చేరేసరికి నాలుగు గంటల గూడ్సుకి గేటు వేసే వేళయింది. చక్రం తిప్పి గేటు దింపాను. జెండా పట్టుకుని నిలబడ్డాను. అమ్మ లోపలికి వెళ్ళలేదు, వసారాలోనే నిలబడింది. ఇంజను దాటుతూ మూడు పొట్టి కూతలు వేసింది. నేను లెక్కపెట్టాను. ఒకటి, రెండు. చప్పుడు లేదు. మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఏడుకి వెనకనుంచి కీచుమంది. ఆఖరి పెట్టెలో ఎవరో కొత్త కుర్రాడు, రెండు చేతులతో చక్రం తిప్పుతూ మా ముందునుంచి పల్లంలోకి దిగిపోయాడు.

“వేశాడు,” అంది అమ్మ. పల్లం వైపు చూసి, “ఆలస్యంగా,” అని, పొయ్యి వెలిగించడానికి లోపలికి వెళ్ళింది.